పటాలంలో తప్పిపోయిన ఇంటిపేరు

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఇంటిపేరు చూసి మోసపోవద్దని దాని తాత్పర్యం. కాని మనిషి మీద వేరొకరి ఇంటిపేరు వచ్చి కూర్చుంటే ఏమవుతుందో ఆ సామెత చెప్పలేదు. ఆ సంగతి మా మేనమామగారు తమ డెబ్బైయేడవ ఏట తెలుసుకున్నారు. పదిహేడేండ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా విరమించిన ఆ పెద్దమనిషి, తన ఇంటిపేరు తనకు ఇప్పించమని సర్కారుకు దరఖాస్తు పెట్టుకొని రెండేండ్లకు పైగా పోరాడారు. మన పాఠకుల కుటుంబాలలో దండులో పనిచేసి వచ్చినవారు తక్కువేమీ కాదు. వారికి అక్కరకు వస్తుందని తోచి ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

మామయ్య అనుమతి తీసుకునే వ్రాస్తున్నాను. "నా పేరు అచ్చు వేయించవద్దు. ఇంటిపేరు మాత్రం వేయించు. వేయిస్తే తప్పు లేకుండా వేయించు" అని ఆయన షరతు. ఆ ఇంటిపేరు 'బండి'. బకారం, సున్న, గుడి ఇచ్చిన డకారం. అచ్చుకూర్చే సోదరులు ఈ ఒక్క మాట దగ్గర కాస్త శ్రద్ధ వహించ ప్రార్థన.

ఊరు కదలలేదు, రాష్ట్రం కదిలింది

మామయ్యది తిరుత్తణి తాలూకాలో ఒక చిన్న పల్లె. 1945లో ఆయన పుట్టేనాటికి అది మద్రాసు రాజధానిలో చిత్తూరు జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాతోపాటు పల్లె కూడా ఆంధ్రలోకి వచ్చింది. 1956 నవంబరు 1న అది ఆంధ్రప్రదేశ్ అయింది. సరిహద్దుల సర్దుబాటు జరిగి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మళ్లీ మద్రాసు రాష్ట్రంలోకి పోయి చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. ఆ మద్రాసు రాష్ట్రమే 1969లో తమిళనాడు అయింది. మా తాతగారు ఇంటి అరుగు దిగకుండానే నాలుగుమార్లు రాష్ట్రం పేరు మార్చుకున్నారన్నమాట. ఊరు మారినా పేరు మారునా అంటారు గదా. ఇక్కడ ఊరు కదలనే లేదు. పేరే మారిపోయింది.

అది ఎలా జరిగిందో చెబుతాను. మామయ్య తన పదిహేనవ ఏటివరకు తెలుగులోనే చదువుకున్నారు. బడి రిజిస్టరులో ఆయన పేరు ఇంటిపేరుతో సహా తెలుగు అక్షరాలలోనే ఉన్నది. 1962లో బడి మానే నాటికి ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నది. కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయులు తమిళులు. సర్టిఫికేటు తమిళంలో వ్రాసి ఇచ్చారు.

తమిళ లిపి సంగతి మన తమిళనాటి పాఠకులకు తెలిసినదే. వర్గానికి మొదటి అక్షరమూ చివరి అనునాసికమూ తప్ప నడుమ మూడూ అందులో ఉండవు. ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. త, ద రెండింటికీ ఒకటే. క, గ రెండింటికీ ఒకటే. తమిళానికి అది చాలును. ఎక్కడ పరుషమో ఎక్కడ సరళమో చదివేవారికి చోటును బట్టి తెలుస్తుంది. మాట మొదట వచ్చినది సాధారణంగా పరుషమే అవుతుంది. చిక్కల్లా మన పేర్లతోనే. దాసరివారు ఆ లిపిలోకి పోయి తాసరివారై తిరిగి వస్తారు. గాదెవారు కాదెవారవుతారు. ఇందులో లిపి తప్పు లేదు, ప్రధానోపాధ్యాయుల తప్పూ లేదు. ఒక ఇంటి తాళంచెవి మరొక ఇంటి తలుపుకు పెట్టినట్టు, అంతే. మా మామయ్య 'బండి' ఆ సర్టిఫికేటులో 'పండి' అయింది.

1962 అక్టోబరులో చైనా సైన్యాలు సరిహద్దు దాటి వచ్చాక దేశమంతటా దండులోకి చేర్చుకోవడం ముమ్మరంగా సాగింది. 1963లో మామయ్య పద్దెనిమిదేండ్ల కుర్రవాడు. ఇంట్లో చెప్పకుండా వెళ్లి వరుసలో నిలబడ్డాడు. రాష్ట్రపతి ఆజ్ఞలను శిరసావహిస్తానని సైన్యంలో చేరే ప్రతి జవానూ ప్రమాణం చేయాలి. అప్పుడు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఆయన పుట్టింది తిరుత్తణిలోనే. "మా ఊరి ఆయనకే మాట ఇచ్చాను" అని మామయ్య ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ మహనీయుని ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని ఒక ఊరి పేరు. ఎన్ని ఊళ్లు దాటి వచ్చినా అది చెక్కు చెదరలేదు. మా మామయ్యకు ఆ భాగ్యం లేకపోయింది.

చేర్చుకునే చోట గుమాస్తా ఆ తమిళ సర్టిఫికేటు చదివించుకొని ఇంగ్లీషులో పి, ఏ, ఎన్, డి, ఐ అని వ్రాసుకున్నాడు. శిక్షణ కేంద్రంలో మరొక గుమాస్తా దానిని టైపు కొట్టాడు. ఆయనది ఉత్తరాది. 'పండి' అనే మాట ఆయన ఎన్నడూ విన్నది కాదు. 'పాండే' అనే మాట మాత్రం చిన్ననాటినుంచీ విన్నదే. పాపం, ముందువాడు తప్పు వ్రాశాడనుకొని సరిదిద్దాడు. ఐ తీసి ఇ, వై పెట్టాడు. అక్కడితో తిరుత్తణి తాలూకా బండివారి పిల్లవాడు పాండే అయిపోయాడు.

పాండేజీ

పటాలంలో ఆయనను అందరూ పాండేజీ అనేవారు. మొదట్లో నవ్వు వచ్చేదట. తరువాత అలవాటయింది. లంగరుఖానాలో మాంసం వడ్డించేవాడు ఈయన పళ్లెం దగ్గర ఒక్క క్షణం ఆగి, "పండిత్‌జీ, మీకు కూడానా?" అని అడిగేవాడట. "మా తాతలు బండ్లు తోలి బ్రతికారు. నేను పండితుణ్ణి కాను. రెండు ముక్కలు ఎక్కువే వెయ్యి" అని వచ్చీరాని హిందీలో ఈయన జవాబు. కాశీ ప్రాంతంనుంచి వచ్చిన ఒక సుబేదారుగారు మాత్రం పాండే అని పేరు పెట్టుకొని హిందీ సరిగా రానివాణ్ణి తన సర్వీసులో చూడలేదని ఆశ్చర్యపోయారట.

ఆ పేరుతోనే ఆయన 1965లో పడమటి సరిహద్దుకు వెళ్లారు. ఆ పేరుతోనే 1971 డిసెంబరులో తూర్పు రంగంలో నదులు దాటారు. దానికిగాను ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం మీద ఆయన నంబరు, హోదా, పేరు చెక్కి ఉన్నవి. ఆ చెక్కినది పాండే అనే.

"అప్పుడే ఎందుకు దిద్దించుకోలేదు మామా?" అని అడిగాను. ఒకసారి అడిగారట. "నంబరు సరిగ్గా ఉన్నదా? జీతం వస్తున్నదా? ఇంక నీకు వచ్చిన నష్టం ఏమిటి?" అన్నాడట ఆఫీసు హవల్దారు. మాట నిజమే. సైన్యంలో మనిషిని నడిపేది నంబరే. జీతం దాని మీదనే, ఉత్తరం దాని మీదనే. 1980లో పింఛనుతో ఇంటికి వచ్చేటప్పుడు చేతికిచ్చిన డిశ్చార్జి పుస్తకంలోనూ పాండే అనే ఉన్నది. దానిని ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి తాళం వేశారు.

ఊరిలో ఆయన ఎప్పుడూ బండివారే. పొలం పట్టా, రేషను కార్డు, ఓటర్ల జాబితా, పిల్లల బడి కాగితాలు, ఆ తరువాత వచ్చిన ఆధార్ అన్నిటా బకారమే. బ్యాంకులో పింఛను ఖాతా ఒక్కదానిలో పాండే. ఈ రెండు పేర్లూ నలభై ఏండ్లు ఒకదాని మొగం ఒకటి చూడకుండా ఒకే ఇంట్లో కాపురం చేశాయి.

ఒక ఇల్లాలు నేర్పిన పాఠం

2021లో పొరుగూరి మాజీ సైనికుడు ఒకాయన చనిపోయాడు. మామయ్యకు స్నేహితుడు. ఆయన భార్యకు కుటుంబ పింఛను రావాలి. రాలేదు. సైన్యపు కాగితాలలో భర్త పేరు ఒక తీరుగా, ఆమె కాగితాలలో మరొక తీరుగా ఉన్నది. తేడా రెండు అక్షరాలే. ఆమె చదువుకున్నది కాదు. పద్నాలుగు నెలలు తిరిగింది. చేతి గాజులు కుదువ పెట్టి ఇల్లు గడుపుకున్నది. ఆమెను వెంటబెట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు మా మామయ్యే. చివరకు పింఛను వచ్చిందనుకోండి. కాని అన్ని నెలలు ఆమె పడ్డ అవమానం తిరిగి తీసుకునేది కాదు గదా.

ఆ పని ముగిసిన రోజు రాత్రి ఆయన ట్రంకుపెట్టె తెరిచి తన డిశ్చార్జి పుస్తకం తీశారు. మరునాడు నాకు ఫోను చేశారు. "ఒరేయ్ నాయనా, నేను పోతే మీ అత్తయ్య ఎవరి పెండ్లాం అవుతుందిరా?" అన్నారు. ఏమిటీ మాట అని నేను ఖంగు తిన్నాను. "ఆధార్‌లో బండివారి కోడలు. పింఛను కాగితంలో ఉన్నది పాండే. పాండే చచ్చాడని దాఖలా ఎవరిస్తారు? పంచాయతీవారు చచ్చినవాడు బండి అని వ్రాస్తారు. అప్పుడు అది పాండే బ్రతికే ఉన్నాడని, ఇది వాడికేమీ కాదని అంటే ఎవరు వెళ్లి చెబుతారు?"

ఈ వ్యవహారమంతటికీ మూలమైన మాట ఇదే. సైనికుడు బ్రతికి ఉన్నంతకాలం పేరులో తప్పు పెద్దగా బాధించదు. ఆయన మొగం ఉన్నది, వేలిముద్ర ఉన్నది, నంబరు కంఠోపాఠంగా చెప్పగల నోరు ఉన్నది. ఆయన పోయాక ఆయన భార్య చేతిలో కాగితం తప్ప మరేమీ మిగలదు. తప్పు ఆయనది కాదు, ఆమెది అసలే కాదు. శిక్ష మాత్రం ఆమెకు.

అదీగాక, మాజీ సైనికుల పింఛన్లను బ్యాంకులనుంచి తప్పించి 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలోకి విడతలు విడతలుగా మార్చడం 2021లో మొదలయింది. పింఛను కాగితంలోని పేరును ఆధార్‌లోని పేరుతో పోల్చి చూసే రోజులు వచ్చినవి. నలభై ఏండ్లు మొగాలు చూసుకోని పేర్లు ఎదురుపడక తప్పలేదు.

మార్పు వేరు, సవరణ వేరు

2022 వేసవిలో ఆయన రికార్డు ఆఫీసుకు దరఖాస్తు వ్రాశారు. ఇంగ్లీషులోకి తర్జుమా చేసింది నేనే. మూడు నెలలకు జవాబు వచ్చింది. పేరు మార్చుకోదలచినచో మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణ పత్రం ఇచ్చి, ఒక ఇంగ్లీషు పత్రికలోను ఒక దేశభాషా పత్రికలోను ప్రకటన వేయించి, గెజెటులో అచ్చు వేయించి, వాటిని జతపరచవలెనని దాని సారాంశం. పేరు మార్చుకునేవారికి సాధారణంగా అడిగేవి ఇవే.

నాకు సులువుగానే కనిపించింది. "ఖర్చు నేను పెట్టుకుంటాను. సంతకం పెట్టండి మామా" అన్నాను. ఆయన ప్రమాణ పత్రం నమూనా చదివించుకొని విన్నారు. 'ఇంతవరకు పాండే అను పేరుగల నేను, నేటినుంచి బండి అను పేరుతో వ్యవహరింపబడుదును' అని ఉన్నది అందులో.

"నేను పెట్టను" అన్నారు.

"ఏం మామా?"

"నేను పాండే ఎప్పుడయ్యానురా, నేటినుంచి మానుకోవడానికి? దొంగపేరుతో పదిహేడేండ్లు కొలువు చేశానని నా చేత్తో నేనే వ్రాసివ్వాలా?"

నాకు విసుగు కలిగింది. ముసలితనపు పట్టుదల అనుకున్నాను. నాలుగైదు రోజులు మాట్లాడలేదు కూడా. తరువాత ఒక వకీలు మిత్రుడు చెప్పగా తెలిసింది, ఆయన పట్టుదలలో న్యాయమే కాదు, లౌక్యం కూడా ఉన్నదని. పేరు 2022లో మార్చుకున్నట్టు గెజెటు చెబితే, అంతకుముందు ఆ పేరుగల మనిషి లేనట్టే. అప్పుడు 1972లో పుట్టిన కొడుకు కాగితాలలో తండ్రి పేరు 'బండి' అని ఎలా వచ్చింది? పట్టాలో ఎలా వచ్చింది? ఒక చిక్కు విప్పబోయి పది చిక్కులు వేసుకున్నట్టవుతుంది. మనిషి తానై కోరి పేరు మార్చుకుంటే అది మార్పు. వ్రాసేవాడు తప్పు వ్రాస్తే దానిని దిద్దడం సవరణ. సవరణ అయితే మొదటి రోజునుంచీ సరిగ్గా ఉన్నట్టే లెక్క. కాని సవరణ కావాలంటే మొదటి రోజున సరైన పేరు ఉన్నదని రుజువు చూపాలి. యాభై తొమ్మిదేండ్ల వెనుకటి రుజువు ఎక్కడనుంచి తెచ్చేది?

మామయ్యే దారి చెప్పారు. "చేరిన రోజున కాగితం మీద సంతకం పెట్టించుకున్నారురా. నాకప్పుడు ఇంగ్లీషు వ్రాయడం రాదు. తెలుగులో పెట్టాను."

పద్దెనిమిదేండ్లవాని సంతకం

2005 సమాచార హక్కు చట్టం కింద, తన ఎన్‌రోల్‌మెంటు ఫారం నకలు ఇప్పించమని దరఖాస్తు పెట్టారు. మరొక వంక నేను ఆ పల్లె బడికి వెళ్లాను. 1960కి ముందరి ప్రవేశపు రిజిస్టరు చెదలు కొట్టకుండా ఉన్నదని తెలిసి, ప్రధానోపాధ్యాయురాలిని బ్రతిమాలి ఆ పుట నకలు వ్రాయించుకున్నాను. ఆమె తమిళురాలు. తెలుగు చదవలేరు. అయినా పుట తిప్పి తిప్పి, బీరువా మీది దుమ్ము దులిపి, రెండు గంటలు మాతో కూర్చున్నారు. ఆ తల్లికి మా నమస్కారాలు.

ఎన్‌రోల్‌మెంటు ఫారం నకలు 2023లో తపాలాలో వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అత్తయ్య కళ్లజోడు తెచ్చి ఇచ్చింది. పైన టైపు కొట్టిన పేరు: పాండే. అడుగున, రంగు వెలిసిన సిరాతో, గుండ్రటి అక్షరాలతో, తలకట్లు శ్రద్ధగా పెట్టి, ఇంటిపేరుతో సహా తెలుగులో సంతకం. బకారం పొట్ట నిండుగా ఉన్నది. మామయ్య దానిని చాలాసేపు చూశారు. "మా అయ్యవారు కొట్టి నేర్పిన బకారం ఇది" అని మాత్రం అన్నారు.

అరవై ఏండ్లుగా ఆ సంతకం ఆ ఫైలులోనే ఉన్నది. రుజువు లేక కాదు, చదివేవారు లేక అది మూగగా పడి ఉన్నది. తెలుగు ఉపన్యాసకులొకరి చేత ఆ సంతకాన్ని ఇంగ్లీషులోకి వ్రాయించి, నోటరీ ముద్ర వేయించి, బడి రిజిస్టరు నకలు జతచేసి, ఇద్దరూ ఒకే మనిషి అని ప్రమాణ పత్రం పెట్టి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రెండవ దరఖాస్తు పంపాము. ఈసారి దరఖాస్తులో 'పేరు మార్పు' అన్న మాట ఎక్కడా లేదు. 'గుమాస్తా పొరపాటు సవరణ' అని ఉన్నది.

మధ్యలో రెండుసార్లు తిరుగుటపా వచ్చింది. ఒకసారి ఫొటో చాలదన్నారు, ఒకసారి ముద్ర స్పష్టంగా లేదన్నారు. 2024 చివరలో ఆఖరి ఉత్తరం వచ్చింది. సర్వీసు రికార్డు సవరింపబడింది. దానిననుసరించి పింఛను ఉత్తరువుకు సవరణ ఉత్తరువు కూడా వచ్చింది. నంబరు అదే. హోదా అదే. పేరులో 'బండి'. అత్తయ్య దానిని దేవుని పటం ముందు పెట్టి, ఆ తరువాత పసుపు డబ్బాలో దాచబోయింది. "అక్కడ కాదు, నీకు చిక్కే చోట పెట్టుకో. అది నీకోసమే" అన్నారు మామయ్య.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు

ఆంధ్రదేశం వెలుపల స్థిరపడిన మనబోంట్లకు ఇంటిపేరు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరుగా నలుగుతుంది. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. మహారాష్ట్రలో పేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. షోలాపురం పద్మశాలి సోదరులు ఆ పద్ధతికి ఎన్నడో అలవాటు పడ్డారు. ఒడిశాలోనూ ఇంటిపేరు చివరకే పోతుంది. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరం ఒక్కటి చాలునంటారు. అక్కడ ఇంటిపేరు మొత్తానికే జారిపోతుంది. కన్నడదేశంలో లిపి మనకు దగ్గరే గనుక అక్షరం చెడదు, కాని ఊరి పేరూ తండ్రి పేరూ పొడి అక్షరాలై ముందు నిలిచి ఇంటిపేరును మరుగు చేస్తవి. యానాంలో ఫ్రెంచివారి కాలపు కాగితాలలో ఉకారం రెండు అక్షరాలతో వ్రాసినది కనబడుతుంది. అదే పేరు ఇంగ్లీషు కాగితంలో ఒక్క అక్షరంతోనే ఉంటుంది. తాత ఒక పేరు, మనుమడు మరొక పేరు అన్నట్టు తోస్తుంది.

పేరు వ్రాయడంలో అలక్ష్యం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ సంస్థ 2021లో ఒక నివేదిక ప్రకటించింది. ఆనాటి సామ్రాజ్యపు సైన్యాలలో పనిచేసి మరణించినవారు, ముఖ్యంగా తూర్పు ఆఫ్రికావారు, ఈజిప్టువారు, తక్కువలో తక్కువ 1,16,000 మంది పేర్లు ఏ రాతి మీదా లేకుండా పోయినవని అందులో ఒప్పుకున్నది. నూరేండ్ల తరువాత ఒప్పుకుంటే ఆ ఇండ్లలో ఎవరికి ఉపకారం? మన ఇండ్లలో ఇంకా బ్రతికి ఉన్నవారి సంగతి మనం ఇప్పుడే చూసుకోవాలి.

కనుక పాఠకులకు నా మనవి. ఇంట్లో మాజీ సైనికులు ఉంటే ఒక ఆదివారం పూట డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తరువు, ఆధార్, బ్యాంకు పుస్తకం, భార్య కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒకే చాప మీద పరచండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, భార్య పేరు ఒక్కొక్క అక్షరమూ సరిచూడండి. తేడా ఉంటే ఏది ఏ కాగితంలో ఎలా ఉన్నదో ఒక తెల్లకాగితం మీద వ్రాసుకోండి. సైన్యపు కాగితం తప్పా, ఆధార్ తప్పా అన్నది ముందు తేల్చుకోండి. ఆధార్‌లో తప్పయితే దానిని దిద్దడమే సులువు. సైన్యపు కాగితంలో తప్పయితే సర్వీసు నంబరు తప్పకుండా వ్రాసి రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపడం మంచిది. కొన్ని రాష్ట్రాలలో దానినే జిల్లా సైనిక్ బోర్డు అంటారు. మీరు అడిగేది మార్పా, సవరణా అన్నది మొదటి వాక్యంలోనే తేటగా చెప్పండి. పాత బడి రిజిస్టరు, చేరిననాటి సంతకం వంటివి ఎక్కడ ఉన్నా వెదకండి. పంపిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి. ఎక్కడా న్యాయం జరగకపోతే, 2007 చట్టం ప్రకారం ఏర్పడిన సైనిక దళాల ట్రిబ్యునలు ఉన్నది. చెన్నైలో దాని శాఖ ఉన్నది. అంతవరకు పోనక్కరలేకుండానే చాలా మటుకు తెమలుతుంది. ఒక్కటి మాత్రం మరువకండి: ఈ పని ఆయన చెయ్యి సంతకం పెట్టగలిగి ఉన్నప్పుడే కావాలి.

మొన్న దీపావళికి వెళ్లినప్పుడు మామయ్య పతకాలు తుడుస్తున్నారు. పూర్వీ స్టార్ మీద ఉన్న పేరు చూపించి, "దీన్ని కూడా దిద్దించమని వ్రాద్దామా మామా?" అన్నాను.

ఆయన నవ్వారు. "వద్దురా. ఆ నదులు దాటినవాడు పాండేనే. నాతో ఉన్నవాళ్లు చివరిసారిగా పిలిచింది ఆ పేరుతోనే. వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. పింఛను బండివాళ్లది. పతకం పాండేది. దాన్ని అలాగే ఉండనీ."

పతకాన్ని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టారు. పెట్టెకు ఈసారి తాళం వేయలేదు. తాళంచెవి అత్తయ్య కొంగున ఉన్నది.